సొంత పొలమా, ఫామ్ ప్లాటా, మిద్దె తోటా? నేల కావాలనుకునే పట్నవాసులకు ఒక పోలిక

"కాస్త నేల ఉంటే బాగుండు." హైదరాబాద్‌లోనో విజయవాడలోనో స్థిరపడి, పిల్లల చదువులు ఒక కొలిక్కి వచ్చిన ఇళ్ళలో ఈ మాట తరచూ వినిపిస్తుంది. అందరూ ఒకటే కోరుతున్నట్లు ఉంటుంది గానీ, తరచి అడిగితే ఒకరికి కావలసింది ఆస్తి, ఒకరికి మందులు కొట్టని కూరగాయలు, ఒకరికి పండగకు వెళ్ళడానికో ఊరు, ఇంకొకరికి చేతికి మట్టి అంటే పని. ఈ నాలుగూ ఒకేచోట దొరకడం అరుదు. దొరుకుతాయని గట్టిగా చెప్పేవారి దగ్గర సాధారణంగా అమ్మకానికి ఒక వెంచరు ఉంటుంది.

మన ముందు ప్రధానంగా ఐదు దారులున్నాయి: తాతల నాటి పొలాన్ని కౌలుకిచ్చి నిలుపుకోవడం, దాన్ని మనమే సాగు చేయడం, ఫామ్ ప్లాటు కొనడం, మిద్దె మీద పెంచడం, అసలు నేలేమీ కొనకుండా రైతుతోనో చెరువుతోనో అనుబంధం పెట్టుకోవడం. నా మొగ్గు ముందే చెప్పేస్తాను. వీటిలో డబ్బు ఎక్కువగా మింగేది ఫామ్ ప్లాటు, నేలతో సంబంధం తక్కువగా మిగిల్చేదీ అదే.

పట్టా ఒకరిది, పదును తెలిసింది ఇంకొకరికి

పల్లెవారికి ప్రకృతితో అనుబంధం ఎక్కువ, పట్నంవారికి తక్కువ అని తేలికగా అనేస్తాం. 2011 జనాభా లెక్కల నాటికే తెలంగాణలో దాదాపు 39 శాతం మంది పట్టణాల్లో ఉన్నారు. ఆ తర్వాత ఊళ్ళు ఖాళీ అయిన తీరు మనకు తెలిసిందే. అంతమందికి నేల మీద మమకారం పోయిందనుకోలేం. తేడా వేరేచోట ఉంది. ఊళ్ళో ఉన్నవారు నేలను చూసి మురిసిపోతూ కూర్చోరు, దాని మీద పనిచేస్తారు. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె ప్రవేశిస్తుంది. అప్పుడు వాన పడితే పట్నంలో ఏ కూడలి నీటమునిగిందో చెప్పుకుంటారు, ఊళ్ళో దుక్కికి పదునయిందా అని అడుగుతారు. ఎర్రటి మఖమలు ముక్కలా ఆరుద్ర పురుగు చేలో కనిపిస్తే పిల్లలు అరచేతిలో పెట్టుకుని ఆడుకుంటారు, పెద్దలు విత్తనం సంగతి చూస్తారు. ఆ వానే రెండు వారాలు ముఖం చాటేస్తే మొలక మాడిపోతుంది, అప్పు మిగులుతుంది. పల్లె అనుబంధంలో ఈ భయం కూడా ఉంది. పట్నం నుంచి నేల కోసం వచ్చేవారు సాధారణంగా ఈ భాగాన్ని లెక్కలో వేసుకోరు.

మరో సంగతి కూడా ముందే అనుకోవాలి. మట్టి తెలిసిన మనిషి, పాసుపుస్తకంలో పేరున్న మనిషి ఒకరే కావడం మన ప్రాంతాల్లో తగ్గిపోయింది. 2018-19 జాతీయ నమూనా సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోని కమతాల్లో సుమారు 42 శాతం కౌలు నేల ఉన్నవేనని తేలింది. దేశంలో అదే ఎక్కువ. నాట్లు వేసే, కలుపు తీసే, పత్తి ఏరే ఆడవాళ్ళలో ఎక్కువమందికి సెంటు భూమి కూడా పేరు మీద ఉండదు. అందుచేత మీరు ఏ దారి పట్టినా మీకూ నేలకూ మధ్య మూడో మనిషి ఒకరు ఉంటారు: కౌలుదారో, కూలీయో, కాపలాదారో. ఆ మనిషితో మీ లెక్క సరిగ్గా ఉంటే నేలతో లెక్క కూడా సరిగ్గా ఉంటుంది.

తాతల పొలం ఉంటే

అదృష్టవంతులు. ముందు అమ్మకండి. రెండో మాట, బీడు పెట్టకండి. బీడు పడిన పొలంలో రెండేళ్ళకు సర్కారు తుమ్మ లేస్తుంది, మూడేళ్ళకు గట్లు జరుగుతాయి, ఆ తర్వాత పక్క పొలం వారితో పంచాయతీ మొదలవుతుంది. ఇక మిగిలింది కౌలు లేదా సొంత సాగు.

కౌలు అంటే చాలామంది నగరవాసులు ఏడాదికోసారి ఖాతాలో పడే డబ్బుగానే చూస్తారు. నిజానికి కౌలు ఏ పద్ధతిలో ఇచ్చారన్నదాన్ని బట్టి మీ బంధం ఎంత లోతుగా ఉంటుందో తేలుతుంది. రొక్కం కౌలు ఒక పద్ధతి. సాగు మొదలుకాకముందే ఎకరానికి ఇంత అని తీసుకుంటారు. పంట పండినా ఎండినా మీకు పట్టదు, నష్టమంతా కౌలుదారు నెత్తిన పడుతుంది. డెల్టా జిల్లాల్లో బస్తాల లెక్కన మాట్లాడుకుంటారు; ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే ఖాయం చేసుకుంటారు కాబట్టి ధర మారినప్పుడు మాత్రమే మీకు తేడా తెలుస్తుంది. మూడోది పాలుకివ్వడం. పెట్టుబడిలో కొంత మీరు పెట్టి, పండినదాన్ని పంచుకోవడం. ఇందులో ఆదాయం తగ్గవచ్చు, కొన్నేళ్ళు ఏమీ రాకపోవచ్చు. అయినా నేలతో బంధం కోసమే పొలం ఉంచుకున్నవారికి నేను పాలునే సూచిస్తాను. వాన ఎప్పుడు పడిందో, తెగులు తగిలిందో లేదో ఫోను చేసి కనుక్కోవలసిన అవసరం మీకు కలుగుతుంది. సొంత చేలో పండిన బియ్యమో కందులో ఇంటికి వస్తాయి. రొక్కం కౌలులో ఆ రెండూ ఉండవు.

ఇంకో పెద్ద తేడా గడువులో ఉంది. ఏడాదికే పొలం ఇచ్చారనుకోండి. కౌలుదారు పశువుల ఎరువు ఎందుకు తోలుతాడు? జనుమో జీలుగో చల్లి, పూతకు వచ్చాక కలియదున్ని, ఆ సత్తువను వచ్చే ఏడాది ఎవరో అనుభవించడానికి ఎందుకు వదిలిపెడతాడు? వాడికి ఈ పంట దాటడమే ముఖ్యం, అందుకే యూరియా బస్తా విప్పుతాడు. నేల గుల్ల కావడానికి కౌలుదారును తిట్టే యజమానులు చాలామంది ఉన్నారు, అందులో సగం తప్పు గడువుది. మూడేళ్ళకో ఐదేళ్ళకో మాట ఇచ్చి, ఏటేటా కాగితం తిరగరాసుకోండి. చెరువు మట్టి తోలించే ఖర్చు మీరు పెట్టుకోండి. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద దాదాపు 46 వేల చెరువులు లక్ష్యంగా పూడిక తీత చేపట్టినప్పుడు రైతులు ట్రాక్టర్లతో ఆ మట్టిని చేలల్లోకి తోలుకున్నారు. తేలిక నేలల్లో ఆ నల్లమట్టి తేమ పట్టి ఉంచుతుంది. అలాంటి పనిని ఏడాది కౌలుదారు తలకెత్తుకోడు, యజమాని చేయాలి.

కాగితం అనగానే యజమానులకు గుబులు. కౌలుదారు పేరు ఎక్కడైనా ఎక్కితే భూమి పోతుందనే భయం ఊళ్ళల్లో బలంగా ఉంది. దీనికి చరిత్ర ఉంది: తెలంగాణ ప్రాంతంలో 1950 నాటి కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారులకు హక్కులొచ్చాయి, భూమి వారిదేనని చెప్పే 38-ఈ యాజమాన్య పత్రాలొచ్చాయి. ఆ కథలు తరాలుగా చెప్పుకుంటూనే ఉన్నారు. కానీ ఆంధ్రప్రదేశ్ 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం వేరు. ఒప్పందం 11 నెలలకే, దానిపై యజమాని సంతకం ఉంటుంది, భూమి మీద కౌలుదారుకు ఏ హక్కూ రాదని చట్టమే చెబుతుంది. ఆ ఒప్పందంతో వచ్చే సాగుదారు కార్డుతో అతను పంట రుణం, బీమా, నష్టపరిహారం అడగగలడు. సంతకం పెట్టకుండా తప్పించుకునే యజమాని తన భూమిని కాపాడుకున్నానని అనుకుంటాడు గానీ, తుపానుకు చేను పడిపోయిన ఏడాది కౌలుదారుకు దక్కాల్సింది దక్కకుండా చేసినవాడవుతాడు.

తెలంగాణలో సాయం సంగతి ఇంకా సున్నితం. 2018లో రైతుబంధు ఎకరానికి పంటకు 4,000 రూపాయలతో మొదలై, తర్వాత 5,000 అయి, 2025లో రైతు భరోసాగా 6,000 అయింది. ఆ డబ్బు పట్టాదారు ఖాతాలో పడుతుంది. బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉంటూ ఆ సొమ్ము తీసుకుంటూ, మళ్ళీ పూర్తి కౌలు కూడా వసూలు చేసే యజమానుల గురించి ఊళ్ళో ఏమనుకుంటారో ఒకసారి రచ్చబండ దగ్గర వినండి. కనీసం ఆ మేరకు కౌలు తగ్గించండి. ఊళ్ళో మీకు మిగిలే మర్యాద దాని మీదే ఆధారపడుతుంది.

పట్టా పనులు వాయిదా వేయకండి. నాన్న పేరు మీదే ఉన్న భూమిని విరాసత్ (వారసుల పేరు మీదకు మార్పు) చేయించుకోకుండా పదేళ్ళు గడిపే కుటుంబాలు బోలెడు. ఆన్‌లైన్ భూ రికార్డులకు తెలంగాణలో 2020 అక్టోబరులో వచ్చిన ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూ భారతి వచ్చింది, ఆంధ్రలో మీభూమి ఉంది. మీ సర్వే నంబరు, విస్తీర్ణం, పేరు సరిగ్గా ఉన్నాయో లేదో ఏటా ఒకసారి చూసుకోండి. పంపకాల్లో అక్కచెల్లెళ్ళను మరచిపోవద్దు. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1980ల్లోనే చట్టం చేసింది, 2005లో అది దేశమంతటా వచ్చింది. "చెల్లెలు సంతకం పెట్టేస్తుందిలే" అనే ధీమాతో నడిచిన పంపకాలు ఇప్పుడు కోర్టుల్లో ఉన్నాయి.

విదేశాల్లో ఉన్నవారికి ఒక్క మాట. ప్రవాస భారతీయులు, ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి) కార్డు ఉన్నవారు ఇక్కడ వ్యవసాయ భూమి కొనకూడదు. వారసత్వంగా వచ్చినది ఉంచుకోవచ్చు. కాబట్టి ఉన్నదాన్ని అమ్మేస్తే, అక్కడి పౌరసత్వం తీసుకున్నాక తిరిగి కొనుక్కునే దారి ఉండదు. తొందరపడి అమ్మవద్దనడానికి ఇంతకంటే గట్టి కారణం అక్కర్లేదు.

మనమే దున్నుతామంటే

ఉద్యోగం మానకుండా శని, ఆదివారాల్లో సాగు చేయాలన్నది ఇప్పుడు బాగా వినిపిస్తున్న కోరిక. పొలం దూరం ఇక్కడ అన్నింటినీ తేల్చేస్తుంది. ఇంటి నుంచి రెండు గంటల ప్రయాణం దాటితే నా సలహా: కౌలుకిచ్చేయండి. మొదటి ఏడాది ఉత్సాహం దూరాన్ని మరిపిస్తుంది. రెండో ఏడాది పెళ్ళిళ్ళు, పరీక్షలు, జ్వరాలు వచ్చి వారాలు తప్పుతాయి. కలుపు మాత్రం వారం తప్పదు.

పంట ఎంపిక కూడా ఈ దూరాన్ని బట్టే జరగాలి. వరి, కూరగాయలు రోజూ మనిషిని అడుగుతాయి. కంది, ఆముదం, కొర్ర, జొన్న లాంటి మెట్ట పంటలు కొంత ఓర్చుకుంటాయి. మామిడి తోట పెడితే ఇక చూడనక్కర్లేదనే మాట నమ్మకండి. పూత మీద తేనెమంచు పురుగు ఒక్క వారంలో పని ముగించేస్తుంది, అది మీరు వచ్చే ఆదివారం దాకా ఆగదు. పైగా ఇప్పుడు తెలంగాణలోనూ ఆంధ్రలోనూ చాలా ఊళ్ళకు కోతుల బెడద ఉంది. వేరుశనగ, మొక్కజొన్న, జామ ఏది వేసినా కోతులకు వాటా పోతుంది. అడవి అంచున ఉంటే పందులు. ఊరివారు ఏ పంటలు మానేశారో, ఎందుకు మానేశారో అడిగి తెలుసుకున్నాకే విత్తనం కొనండి. ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు ఎన్నో వీడియోలకు సమానం.

పట్నం నుంచి వచ్చేవారిలో ఎక్కువమంది రసాయనాలు లేని సాగు కోరుకుంటారు. మంచిదే, దానికి మన దగ్గర అనుభవం కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో అంతర్జాతీయ గుల్బెంకియన్ పురస్కారం లభించింది. బీజామృతంతో విత్తన శుద్ధి, ఘన జీవామృతం, తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా కప్పి ఉంచడం: ఈ పద్ధతులు నేర్పే తోటి రైతులు మండలాల్లో దొరుకుతారు. జనగామ జిల్లా ఏనెబావి 2006లోనే ఊరు ఊరంతా రసాయనాలు వదిలేసింది. ఆ ఊరు నిలబడింది అందరూ కలిసి చేయడం వల్ల. చుట్టూ పత్తికి మందు కొడుతుంటే మధ్యలో మీ రెండెకరాల్లో మాత్రమే వేపకషాయం పిచికారీ చేస్తే ఫలితం అంతంత మాత్రమే. అందుకే ఒంటరిగా మొదలుపెట్టేకంటే, పక్కన ఒకరిద్దరైనా ఈ దారిలో ఉన్న ఊళ్ళోనే పొలం చూసుకోవడం మేలు.

పదవీ విరమణ తర్వాత ఊళ్ళోనే ఉండిపోవాలనుకునేవారికి సొంత సాగు బాగా నప్పుతుంది, ఒక షరతు మీద: మంచి ఆసుపత్రి గంటలోపు ఉండాలి. ఇద్దరిలో ఒకరికి మాత్రమే ఇష్టమైతే మాత్రం ఆలోచించండి. ఆయనకు పొలం ముచ్చట, ఆవిడకు మళ్ళీ కూలీలకు వండిపెట్టే చాకిరీ అయితే ఆ సంసారంలో పొలం ఎక్కువ కాలం నిలవదు.

ఫామ్ ప్లాటు: కొనేముందు ఆగండి

హైదరాబాద్ నుంచి ఏ రహదారి పట్టినా ఈ బోర్డులే. గుంటకు ఇంత, కంచె మాది, మొక్కలు మావి, నిర్వహణ మాది, మీరు వారాంతంలో వచ్చి సేదతీరండి. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. ఐదు గుంటలంటే 605 గజాలు. దాన్ని పొలం అనడానికి నాకు నోరు రాదు.

చట్టం సంగతి ముందు చూడండి. 20 గుంటల కన్నా, అంటే సుమారు 2,000 చదరపు మీటర్ల కన్నా చిన్న ముక్కలను ఫామ్ ప్లాట్ల పేరుతో అమ్మడం నిబంధనలకు విరుద్ధమని, కొని మోసపోవద్దని హైదరాబాద్‌లో చెరువులు, ప్రభుత్వ భూముల ఆక్రమణలను అడ్డుకునే సంస్థ హైడ్రా 2025లో బహిరంగంగా హెచ్చరించింది. అనుమతి పొందిన లేఅవుటు కాదు కాబట్టి ఇల్లు కట్టడానికి అనుమతి రాదు. వ్యవసాయానికి సరిపడా నేలా కాదు. రెండింటికీ చెడ్డ రేవడిలా మిగులుతుంది. కొన్నిచోట్ల పదిమంది పేర్ల మీద ఉమ్మడిగా రాయించి, లోపల గీతలు గీసి చూపిస్తారు. మీ గీత ఏదో మీ దస్తావేజులో ఉండదు. ఒకరు అమ్మాలన్నా, ఒకరు చనిపోయినా మిగిలినవారంతా చిక్కుల్లో పడతారు.

భూమి స్వభావం ఇంకో ప్రమాదం. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూముల బదిలీని 1977 చట్టం నిషేధించింది. ఆంధ్రలో ఈమధ్య కొన్ని సడలింపులు వచ్చినా, దేనికి వర్తిస్తుందో రెవెన్యూ రికార్డుల్లో చూడకుండా నమ్మకూడదు. ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి బదిలీ 1/70 నిబంధన ప్రకారం చెల్లదు, అరకు అందాలు చూసి ముచ్చటపడి అడ్వాన్సు ఇచ్చేవారు ఇది గుర్తుంచుకోవాలి. హైదరాబాద్ పశ్చిమాన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరీవాహక ప్రాంతం ఇంకో కథ. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఆ రెండు జలాశయాలను కాపాడేందుకు 1996లో 111 జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టింది. అయినా ఫామ్‌హౌసులు వెలిశాయి. 2022లో ఆ ఆంక్షలను ఎత్తివేసే దిశగా ప్రభుత్వం అడుగు వేసింది. ప్రకృతి ఒడిలో ఉండాలని వచ్చినవారే తాగునీటి చెరువుల చుట్టూ కాంక్రీటు పోస్తుంటే ఏమనాలి?

శ్రీగంధం వెంచర్ల లెక్క మరీ విచిత్రం. పదిహేనేళ్ళకు కోట్లు వస్తాయంటారు. శ్రీగంధం తన వేళ్ళతో పక్క మొక్కల వేళ్ళను పట్టుకుని ఆహారం లాక్కునే చెట్టు. కందో, సరుగుడో, మరో తోడు మొక్కో తగినంత లేకపోతే ఎదగదు. వరసగా గంధం మొక్కలు మాత్రమే కనిపించే వెంచరును చూస్తే, నడిపేవారికి ఆ చెట్టు గురించి ఎంత తెలుసో అర్థమవుతుంది. చెట్టు చేవ పట్టాక దొంగలనుంచి కాపలా ఎవరు కాస్తారో, అప్పటికి ఆ కంపెనీ ఉంటుందో ఉండదో కూడా అడగండి.

ఇక నేలతో బంధం. చాలా వెంచర్లలో అంతకుముందు ఆ భూమిని దున్నిన రైతే ఇప్పుడు గేటు దగ్గర కాపలాదారుగా ఉంటాడు. ఏ మూల నీరు నిలుస్తుందో, ఏ చెట్టు కింద పాములుంటాయో అతనికి తెలుసు. కొనుక్కున్నవారు అతన్ని మంచినీళ్ళు అడుగుతారు. మన దగ్గర నేల ప్లాటుగా మారిన అతిపెద్ద ఉదాహరణ అమరావతి: 2015లో 29 గ్రామాల పరిధిలో 33 వేల ఎకరాలకు పైగా భూ సమీకరణకు వచ్చింది. కృష్ణ ఒడ్డున ఏడాది పొడవునా పండే జరీబు భూమి ఇచ్చినవారికి ఎకరాకు 1,000 గజాల నివాస స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం, ఏటా 50 వేలతో మొదలయ్యే కౌలు లెక్కగట్టారు. ఆ చేలల్లో కూరగాయలు కోసి బతికిన కూలీ కుటుంబాలకు దక్కింది నెలకు 2,500 పింఛను. పని ద్వారా నేలతో ఏర్పడిన బంధానికి ధర కట్టాల్సి వచ్చినప్పుడు మన వ్యవస్థ ఎక్కడ ఆగుతుందో ఇది చూపిస్తుంది.

అంతా విన్నాక కూడా కొనాలనిపిస్తే, వెంచరు మానేసి ఏదైనా ఊళ్ళో అర ఎకరమో ఎకరమో సొంత సర్వే నంబరుతో నేరుగా రైతు దగ్గర కొనండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ భూమి కొనడానికి రైతు కుటుంబంలో పుట్టి ఉండాలనే నిబంధన లేదు, మహారాష్ట్రలో ఉంది.

మిద్దె తోట

నేల అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, రోజూ మట్టి ముట్టుకోవచ్చు. రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి లాంటివారు హైదరాబాద్‌లో మిద్దె మీద ఇంటికి సరిపడా కూరగాయలు పండించి చూపాక తెలుగు ఇళ్ళలో ఈ పద్ధతి బాగా వ్యాపించింది. నేలతో రోజువారీ స్పర్శ లెక్కన చూస్తే నూరు కిలోమీటర్ల దూరంలోని రెండెకరాల కన్నా ఇంటి మీది ఇరవై కుండీలే ఎక్కువ ఇస్తాయి.

అయితే బరువు గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. మనుషులు తిరిగే ఇంటి పైకప్పుకు భారతీయ ప్రమాణాల్లో లెక్కగట్టే భారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. తడిసిన ఎర్రమట్టి అడుగు మందాన పరిస్తే అదే చదరపు మీటరుకు 500 కిలోల దాకా తూగుతుంది. అంటే మిద్దె అంతా మట్టి పోసి మడులు కట్టడం పాత ఇళ్ళకు ప్రమాదం. మట్టి పాలు తగ్గించి, కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు, మాగిన పశువుల ఎరువు కలపండి. బరువైన తొట్లను దూలాల మీదుగా, స్తంభాల దగ్గర పెట్టండి, స్లాబు నడిమధ్యలో వద్దు. తొట్టి కింద ఇటుకలు పెట్టి గాలి ఆడనిస్తే చెమ్మ దిగదు.

పంటలు సులువే: గోంగూర, తోటకూర, బచ్చలి, చుక్కకూర ఎవరికైనా వస్తాయి. పందిరి వేసుకోగలిగితే బీర, దొండ, కాకర. టమాటా చలికాలంలో బాగా కాస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో నీడ వల లేకపోతే అంతా మాడిపోతుంది. ఆ రెండు నెలలు కొన్ని తొట్లను ఖాళీగా ఉంచి మట్టిని ఎండనివ్వడమే తెలివైన పని. ట్యాంకరు నీళ్ళు కొని టమాటాలు పండించే ఇళ్ళు కూడా నగరంలో ఉన్నాయి. బియ్యం కడిగిన నీరు, కూరగాయలు కడిగిన నీరు చాలేంత తోటే పెట్టుకోండి. అపార్టుమెంటులో అయితే డాబా అందరిదీ కాబట్టి సంఘం ఒప్పుకోవాలి. బాల్కనీకి పూటలో నాలుగైదు గంటల ఎండ రాకపోతే ఆకుకూరలతో, పుదీనాతో సరిపెట్టుకోండి.

లోటు ఒకటుంది. మిద్దె తోటలో ఊరు ఉండదు. పంట పోయినా సాయంత్రం బజారుకు వెళ్ళి తెచ్చుకుంటారు. చిన్నపిల్లలున్న ఇళ్ళకు, అద్దెకుండేవారికి, రోజూ ఆఫీసుకు వెళ్ళేవారికి ఇది చాలు.

ఏమీ కొనకుండా

ఇది ఎక్కువమంది పట్టించుకోని దారి. సొంతం చేసుకోకుండానే నేలకు దగ్గరగా ఉండవచ్చు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు ఒకే చేలో పదీ ఇరవై రకాల పాత పంటలు కలిపి పండించే పద్ధతిని నిలబెట్టారు. అందుకు 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. సంక్రాంతి తర్వాత ఎడ్లబండ్ల మీద విత్తనాలతో ఊరూరా తిరిగే వారి పాత పంటల జాతర చూడటానికి ఎవరైనా వెళ్ళవచ్చు. రాయలసీమలో చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో బీడు పడిన 32 ఎకరాలతో మొదలైన టింబక్టు కలెక్టివ్, చుట్టుపక్కల ఊళ్ళతో కలిసి కల్పవల్లి గుట్టలను మళ్ళీ పచ్చగా చేసింది. ఇలాంటి సంఘాల రైతుల దగ్గర ఏడాదికి సరిపడా కొర్రలు, కందిపప్పు, వేరుశనగ నూనె నేరుగా కొంటే, ఆ పొలం బాగోగులు మీ వంటింటికీ తెలుస్తాయి. ధర కాస్త ఎక్కువే. ఫామ్ ప్లాటు నిర్వహణ రుసుముతో పోలిస్తే ఏమీ కాదు.

నగరంలోనే ఉన్న నేల సంగతి కూడా ఉంది. 2025 వసంతంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో యంత్రాలు చెట్లు కూల్చినప్పుడు అడ్డం నిలిచిన విద్యార్థులకు అందులో ఒక గజం కూడా సొంతం కాదు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనిని ఆపించింది. మీ కాలనీ చెరువు ఎఫ్‌టీఎల్ (పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) హద్దు ఎక్కడుందో తెలుసుకుని, అక్కడ మట్టి పోస్తుంటే ఫిర్యాదు చేయడం కూడా నేలతో సంబంధమే, కష్టమైన రకం. బతుకమ్మకు తంగేడు, గునుగు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఒకసారి గమనించండి. ఒకప్పుడు ఊరి చివరి బీళ్ళలో కోసుకునేవాళ్ళం. ఆ బీళ్ళు వెంచర్లయ్యాక ఇప్పుడు కట్టల లెక్కన కొంటున్నాం.

ఇంకా తేలకపోతే

అమ్మానాన్నల పొలం ఉన్నవారికి పాలు లేదా గడువున్న కౌలు, ఇంటి మీద నాలుగు కుండీలు. పొలం లేనివారికి మిద్దె తోటా, రైతుతో నేరు కొనుగోలూ. డబ్బు దాచుకోవడానికే భూమి అనుకునేవారికి ఈ వ్యాసంతో పెద్దగా పని లేదు, వారు మంచి న్యాయవాదిని కలవాలి.

పొలం కొనాలనే పట్టుదల ఉండి, చేతకాదేమోనన్న అనుమానం కూడా ఉన్నవారు ముందు ఒక పంటకాలం ఎవరి చేలోనైనా పాలు పెట్టండి. తొలకరి దుక్కి నుంచి కళ్ళం దాకా పెట్టుబడిలో వాటా, పంటలో వాటా. విత్తే రోజున, కలుపు తీసే రోజున, కోత రోజున అక్కడ ఉండండి. అది నచ్చితే అప్పుడు భూమి వెతకండి. వెతికేటప్పుడు ఒకే పొలాన్ని రెండుసార్లు చూడాలి. మే నెలలో వెళ్ళి మోటారు వేయించి, బోరు ఆగకుండా ఎంతసేపు పోస్తుందో అక్కడే నిలబడి చూడండి. ఎండాకాలం పోయని బోరును నమ్ముకుని తోట పెట్టలేరు, కొత్త బోరుకు వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి కావాలి. ఆగస్టులో పెద్ద వాన పడిన మర్నాడు మళ్ళీ వెళ్ళండి. నీరు ఎటు పారుతుందో, ఎక్కడ నిలుస్తుందో, బాట మోకాలి లోతు బురదైతే ఎవరి గట్టు మీదుగా నడవాలో, ఆ గట్టు యజమాని ఎలాంటివాడో అప్పుడు తెలుస్తుంది. అమ్మేవారు మార్చిలోనే రిజిస్ట్రేషన్ కావాలని తొందరపెడితే, ఆ పొలం వదిలేసి ఇంకోటి చూసుకోండి.